బిగించినవారు, విప్పేవారు: మరమేకు చరిత్రలో ఒక భాగం

5.1 పరిచయం

పారిశ్రామిక విప్లవం గురించి చదివినప్పుడు మీకు ఆవిరి యంత్రం, నూలు మిల్లు, రైలు మార్గం పరిచయమయ్యాయి. ఈ యంత్రాల భాగాలన్నింటినీ ఒకటిగా పట్టి ఉంచిన వస్తువు గురించి పాఠ్యపుస్తకాలు ఒకటి రెండు వాక్యాలకు మించి చెప్పవు. అది మరమేకు. వాడుకలో మనం స్క్రూ అంటాం.

ఈ భాగంలో మరమేకు చరిత్ర మొత్తం చెప్పుకోబోవడం లేదు. ఒక చిన్న సమస్యను తీసుకుందాం. ఊడిపోకుండా మరలకు జిగురు పూసి బిగించిన స్క్రూ ఒకటి ఉంది. దాని తల అరిగిపోయింది. ఇప్పుడు దాన్ని బయటికి తీయాలి. మెకానిక్‌కు ఇది మామూలు తలనొప్పి. చరిత్ర విద్యార్థికి దీంతో ఏం పని అని మీకు సందేహం కలగవచ్చు. సాంకేతిక చరిత్రను ఎక్కువగా తయారుచేసినవారి వైపు నుంచే రాశారు. పేటెంట్లు వారివి, ప్రకటనలు వారివి, కర్మాగారాల లెక్కలు వారివి. కాని బిగింపు గట్టిగా ఉండటానికి కనిపెట్టిన ప్రతి ఉపాయమూ, తర్వాత దాన్ని విప్పేవారి మీద కొంత బరువు మోపింది. ఆ బరువు కనిపించాలంటే స్క్రూను బిగించిన రోజు నుంచి కాక, తీయవలసి వచ్చిన రోజు నుంచి చూడాలి.

5.2 గుర్తులు కొట్టిన నట్లు

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే మరలు కోసే లేత్‌ను మెరుగుపరిచాడు. అంతకుముందు మరలు చాలావరకు చేతి నైపుణ్యం మీద ఆధారపడేవి. ఒక బోల్టుకు కోసిన నట్టు మరో బోల్టుకు ఎక్కేది కాదు. మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జేమ్స్ నాస్మిత్ తన ఆత్మకథలో ఆనాటి పరిస్థితిని వివరించాడు. ప్రతి బోల్టుకూ, దాని నట్టుకూ ఒకే గుర్తు కొట్టేవారట. విప్పేటప్పుడు అవి కలిసిపోతే ఏది దేనిదో తెలియక, ముఖ్యంగా మరమ్మతు సమయంలో, ఎడతెగని చిక్కులు వచ్చేవట.

ఈ చిక్కు ఎవరికి తెలిసిందో గమనించండి. యంత్రాన్ని అమర్చిన రోజున అంతా సవ్యంగానే ఉంది. గుర్తుల అవసరం విప్పే రోజున బయటపడింది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండ్‌లోని అనేక కర్మశాలల నుంచి బోల్టులు సేకరించి, వాటిని పోల్చి, మర కోణం 55 డిగ్రీలుగా ఒక ప్రామాణిక కొలతను ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరో ప్రామాణికాన్ని ప్రతిపాదించాడు. మామూలుగా దీన్ని భారీ ఉత్పత్తికి బాట వేసిన సంఘటనగా చెబుతారు. అది నిజమే. కాని పాడైన బోల్టును పారేసి బజారులో మరొకటి కొనుక్కోగలగడం కూడా అప్పుడే మొదలైంది. రెండో సంగతికి పుస్తకాల్లో తగినంత చోటు దొరకలేదనే చెప్పాలి.

5.3 తల ఎందుకు అరుగుతుంది?

పాత స్క్రూ తల మీద ఒకే గాడి ఉండేది. స్క్రూడ్రైవర్ మొన పక్కకు జారి చేతిలో గుచ్చుకోవడం ఆ కాలపు పనివారికి కొత్త కాదు. కెనడాలో పి. ఎల్. రాబర్ట్‌సన్ అలా చేయి కోసుకున్న తర్వాతే చతురస్రాకారపు గుంట ఉన్న స్క్రూ గురించి ఆలోచించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన పేటెంటు 1909 నాటిది. ఆ గుంటలో మొన జారదు. అయినా కెనడా బయట అది అంతగా వ్యాపించలేదు.

ప్రపంచమంతా వ్యాపించింది అమెరికాలోని పోర్ట్‌లండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ పేరుతో వచ్చిన కూడలి గుర్తు స్క్రూ. మన దగ్గర దీన్ని స్టార్ స్క్రూ అంటారు. దాని పేటెంట్లు 1936లో వచ్చాయి. కాడిలాక్ కార్ల తయారీలో దాన్ని మొదట వాడారు. కదిలే వరుసలో నిలబడి విద్యుత్ స్క్రూడ్రైవర్‌తో పనిచేసే కార్మికుడికి అది బాగా నప్పింది. మొన తనంతట తానే గుంట మధ్యలో కూర్చుంటుంది, చూసి సరిచేయనక్కర్లేదు. అయితే ఆ గుంట గోడలు వాలుగా ఉంటాయి. బలం ఒక హద్దు దాటగానే మొన పైకి ఎగిసి బయటికి వచ్చేస్తుంది. అలా వచ్చినప్పుడల్లా గుంట అంచుల్ని కొంచెం గీరుకుంటూ వస్తుంది. నాలుగైదుసార్లు అలా జరిగితే గుంట గుండ్రటి గిన్నెలా తయారవుతుంది. తల అరిగిందని మనం అనేది దీన్నే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మరీ ఎక్కువగా బిగించకుండా ఉండాలనే ఫిలిప్స్ కావాలని మొన ఎగిసేలా చేశాడని మీరు చాలాచోట్ల చదువుతారు. కాని 1936 నాటి పేటెంట్లు ఆ ఉద్దేశాన్ని చెప్పవు. ఒక వస్తువు వల్ల కలిగిన ఫలితాన్ని దాన్ని చేసినవాడి ఉద్దేశంగా వెనక్కు చదవడం చరిత్ర రచనలో తరచూ జరిగే పొరపాటు. మూలపత్రం చూడకుండా ఆ కథను మీ జవాబు పత్రంలో రాయకండి.

ఇంకొక చిక్కు మనకు బాగా దగ్గరిది. జపాన్ ప్రమాణం ప్రకారం చేసిన స్టార్ స్క్రూ గుంట, ఫిలిప్స్ గుంట చూపుకు ఒకటే అనిపిస్తాయి. కొలతల్లో మాత్రం స్వల్ప తేడా ఉంది. ఫిలిప్స్ మొన జపాన్ గుంటలో అడుగు వరకు దిగదు. 1980ల్లో జపాన్ సంస్థల భాగస్వామ్యంతో మన దేశంలో తయారైన మోటారు సైకిళ్లు విరివిగా రోడ్ల మీదికి వచ్చాయి. ఇలాంటి బండి మీద సరిపోని మొన పెట్టి తిప్పితే తల అరగడానికి ఎక్కువసేపు పట్టదు. తప్పు స్క్రూదీ కాదు, చేతిదీ కాదు. రెండు దేశాల కొలతలు ఒకే గుంటలో కలుసుకున్నాయి, అంతే.

5.4 మరల మధ్య జిగురు

స్క్రూ ఎందుకు వదులవుతుంది? మీరు బోల్టు బిగించేటప్పుడు పెట్టే బలంలో సుమారు పదోవంతు మాత్రమే రెండు భాగాల్ని దగ్గరకు నొక్కడానికి ఉపయోగపడుతుంది. మిగిలినదంతా తల కింద, మరల మధ్య ఘర్షణకే పోతుంది. బోల్టును వెనక్కు తిరగనివ్వకుండా ఆపేది కూడా ఆ ఘర్షణే. కంపనం వల్ల బిగించిన భాగాలు అటూ ఇటూ జరిగితే ఆ ఘర్షణ క్షణక్షణానికీ తెగిపోతూ ఉంటుంది, బోల్టు కొద్దికొద్దిగా వెనక్కు తిరుగుతుంది. పొడవునా వచ్చే కుదుపు కంటే అడ్డంగా వచ్చే కుదుపే ఎక్కువ హాని చేస్తుందని 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలతో చూపాడు. ఈ సమస్యకు అప్పటికే చాలా విరుగుళ్లు ఉన్నాయి. రెండో నట్టు, స్ప్రింగ్ వాషరు, బోల్టు రంధ్రంలో దూర్చే చీలిక పిన్ను, విమానాల్లో బోల్టు నుంచి బోల్టుకు చుట్టే తీగ అలాంటివి. ఇవన్నీ బయటికి కనిపిస్తాయి. విప్పేవాడు చూసి ముందు వాటిని తీసేస్తాడు.

జిగురు మాత్రం కనిపించదు. దాని కథ ఒక విచిత్రమైన ద్రవంతో మొదలవుతుంది. 1940ల్లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఒక రెసిన్‌ను తయారుచేశారు. గాలి తగులుతున్నంతసేపు అది ద్రవంగా ఉండేది, గాలి అందకపోతే గట్టిపడేది. అందుకే నిల్వ ఉంచాలంటే దానిలోకి నిరంతరం గాలి ఊదుతూ ఉండాలి. అలాంటి సరుకును అమ్మడం ఎలా? ఆ సంస్థలో పనిచేస్తున్న రాబర్ట్ క్రీబుల్ ఈ సంగతి తన తండ్రికి చెప్పాడు. తండ్రి వెర్నన్ క్రీబుల్ హార్ట్‌ఫర్డ్ నగరంలోని ట్రినిటీ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు, పదవీ విరమణకు దగ్గర్లో ఉన్నాడు. మామూలు సీసాలో నిలవుండే మిశ్రమాన్ని ఆయన తయారుచేయగలిగాడు. 1953లో ఒక చిన్న కంపెనీ ప్రారంభించాడు. 1956లో ఆ సరుకును న్యూయార్క్‌లో లాక్‌టైట్ పేరుతో లోకానికి పరిచయం చేశాడు.

ఇది పనిచేసే తీరు తెలిస్తే, తీసే పద్ధతి కూడా అర్థమవుతుంది. బోల్టు మరలకూ నట్టు మరలకూ మధ్య కంటికి కనిపించని ఖాళీ ఉంటుంది. లోహాలు కొన్నిచోట్ల మాత్రమే తాకుతాయి. జిగురు ఆ ఖాళీని నింపుతుంది. బిగించగానే దానికి ఆక్సిజన్ అందదు. పక్కనే ఉన్న ఇనుము, రాగి వంటి లోహాల అయాన్లు చర్యను త్వరపరుస్తాయి. ద్రవం గట్టి ప్లాస్టిక్‌గా మారుతుంది. సీసాలో గట్టిపడకపోవడానికి కారణం, లోపల ఉంచిన గాలితో పాటు సీసా గోడల గుండా కూడా కొంత గాలి చేరడమే.

తయారీదారుల రంగుల సంకేతం కూడా మీకు తెలిసి ఉండాలి. సాధారణంగా ఊదా రంగు చిన్న స్క్రూలకు, నీలం చేతి పనిముట్లతో విప్పగలిగిన బిగింపుకు, ఎరుపు దాదాపు శాశ్వతమైన బిగింపుకు. అంటే విప్పేవారిని తయారీదారులు పూర్తిగా మరచిపోలేదు. అయితే ఆ రంగు సీసా మీద, ద్రవంలో ఉంటుంది. పదేళ్ల తర్వాత స్క్రూ ముందు కూర్చున్న మనిషికి ఏ సీసా వాడారో చెప్పేవారు ఉండరు. అందులోనూ చిన్న స్క్రూ విషయంలో లెక్క తలకిందులవుతుంది. మరల్లో జిగురు పట్టు తల గుంట భరించగల బలం కంటే ఎక్కువైతే, జిగురు లొంగకముందే తల లొంగిపోతుంది.

5.5 బయటికి తీయడం

ఇప్పుడు ఆ స్క్రూ దగ్గరికి వద్దాం. మొట్టమొదట చేయవలసింది ఆగడం. ఇంకొకసారి తిప్పి చూద్దామన్న తొందరలోనే మిగిలిన గుంట కూడా పోతుంది. గుంటలోని మురికిని సూదితో తీసి, సరైన కొలత మొనను నిటారుగా నిలబెట్టి గట్టిగా నొక్కి చూడాలి.

జిగురు ఉందని అనుమానం ఉంటే బలం కంటే వేడి నమ్మదగినది. గట్టిరకం జిగురు సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టు వదులుతుంది. చిన్న స్క్రూ అయితే సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీదే కాసేపు ఆనించి ఉంచుతారు. వేడి లోహం గుండా మరల్లోకి దిగుతుంది. వేడిగా ఉండగానే తిప్పాలి. చల్లారనిస్తే ప్లాస్టిక్ మళ్లీ గట్టిపడుతుంది, చేసిన పని వృథా. లిథియం బ్యాటరీ, పెట్రోలు, రబ్బరు సీలు పక్కన ఉంటే ఈ పద్ధతి జోలికి వెళ్లకూడదు. పొగ పీల్చకుండా గాలి ఆడే చోట కూర్చోవాలి. అసిటోన్ చుక్కలు వేస్తే వదులుతుందని కొందరు నమ్ముతారు. గట్టిపడిన జిగురు నిండిన సందులోకి అది దిగే దారి లేదు, ప్రయోజనం పెద్దగా ఉండదు.

తల పూర్తిగా పోయి ఉంటే కొత్త గుంట చేయాలి. తల పైకి ఉబికి ఉంటే హాక్సా బ్లేడుతో ఒక గాడి కోసి, గాడి స్క్రూడ్రైవర్‌తో ప్రయత్నించవచ్చు. అలెన్ కీ గుంట గుండ్రంగా అరిగిపోయినప్పుడు, కొంచెం పెద్ద నక్షత్రపు మొనను సుత్తితో లోపలికి దిగగొట్టడం మెకానిక్‌లకు తెలిసిన ఉపాయం. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్టు ఇంకా మంచిది. అది కోస్తూ కోస్తూ పుట్టించే వేడి జిగురును మెత్తబరుస్తుంది, తిరిగే దిశ విప్పే దిశే కనుక ఒక్కోసారి స్క్రూ దానంతట అదే బయటికి వస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే ఎడమ మరల పనిముట్టును చివరగా పెట్టుకోవాలి. అది చీలలాగా లోపలికి దిగి స్క్రూను వెడల్పు చేస్తుంది, అంటే మరల్లో మరింత బిగిస్తుంది. అది చాలా గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాని మీద పనిచేయదు. అప్పుడు మీకు రెండు సమస్యలు మిగులుతాయి.

ఏదీ పనిచేయకపోతే స్క్రూను వదిలేసి, అది పట్టుకున్న వస్తువును విడిపించాలి. తలను పూర్తిగా డ్రిల్లు చేసి తీసేస్తే పలక వచ్చేస్తుంది. లాగుడు పోయిన మొండెం బయటికి పొడుచుకొని మిగులుతుంది. దాన్ని వైస్ గ్రిప్‌తో పట్టి తిప్పవచ్చు. స్క్రూ మనకు ముఖ్యం కాదు, దాని వెనక ఉన్నది ముఖ్యం అన్న ఈ మెలకువే 2009లో భూమికి 500 కిలోమీటర్లకు పైగా ఎత్తున అక్కరకు వచ్చింది.

5.6 2009 మే 17

హబుల్ అంతరిక్ష దూరదర్శినిలో 1997 ఫిబ్రవరిలో అమర్చిన ఒక స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. కాంతిని రంగులుగా విడదీసి నమోదు చేయడం దాని పని. సౌరకుటుంబం బయటి గ్రహానికి వాతావరణం ఉందని మొదటిసారి తెలిసింది దీని పరిశీలనల వల్లే. ఆ గ్రహం వాతావరణంలో సోడియం జాడ ఉన్నట్లు 2001లో ప్రకటించారు. 2004 ఆగస్టులో విద్యుత్ సరఫరా బోర్డు చెడి ఆ పరికరం మూగబోయింది. అంతకు కొన్ని నెలల ముందే, కొలంబియా ప్రమాదం దరిమిలా, హబుల్‌కు చివరి మరమ్మతు యాత్రను నాసా రద్దు చేసి ఉంది. శాస్త్రవేత్తలు, ప్రజల నుంచి వచ్చిన ఒత్తిడి తర్వాత 2006లో యాత్రకు మళ్లీ అనుమతి లభించింది.

హబుల్‌ను మొదటి నుంచీ వ్యోమగాములు మరమ్మతు చేసేలా రూపొందించారు. కాని ఆ ఏర్పాటు పరికరాన్ని మొత్తంగా బయటికి లాగి, మరొకటి పెట్టడానికే. పరికరం లోపలి బోర్డును అంతరిక్షంలో మార్చవలసి వస్తుందని ఎవరూ అనుకోలేదు. అందుకే దాని మూత పలకకు 111 చిన్న స్క్రూలు, వాటికి వాషర్లు ఉన్నాయి. ప్రయోగపు కుదుపులకు ఊడిపోకుండా మరలకు జిగురు పూశారు. బిగించినవారి దృష్టిలో అది మంచి పనే. ఇప్పుడు మందపాటి చేతి తొడుగులతో, తేలుతూ, ఆ 111 స్క్రూలను తీయాలి. ఒక్కటి చేజారినా పరికరాల మధ్యకు తేలిపోతుంది. అందుకోసం మేరీలాండ్‌లోని గాడర్డ్ కేంద్రం ఇంజనీర్లు పారదర్శకమైన ఒక పలకను చేశారు. దాన్ని మూత మీద అమర్చి, ప్రతి స్క్రూ ఎదుట ఉన్న చిన్న రంధ్రంలోంచి మొన దూర్చి విప్పుతారు. వదులైన స్క్రూ ఆ రంధ్రం కంటే పెద్దది కాబట్టి పలక కిందే చిక్కుకుంటుంది. ఏళ్ల తరబడి సాధన చేశారు.

మే 17న మైకేల్ మాసిమినో, మైకేల్ గుడ్ పని మొదలుపెట్టారు. ఆ పారదర్శక పలకను పెట్టాలంటే ముందు అడ్డంగా ఉన్న ఒక పట్టుకమ్మీని తీయాలి. దానికి నాలుగే స్క్రూలు. మూడు వచ్చాయి. నాలుగో దాని తల అరిగిపోయింది. ఎవరూ పెద్దగా భయపడని స్క్రూ అది. 111 స్క్రూల కోసం చేసిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్కదాని దగ్గర ఆగిపోయాయి.

కింది భాగంలో మీరు చదివిన పద్ధతులను ఆ చోటికి అన్వయించి చూడండి. వేడి పెట్టడానికి లేదు. డ్రిల్లు చేస్తే లోహపు పొట్టు దూరదర్శిని లోపలికి పోతుంది, పదునైన ముక్క తొడుగును చీలిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. పనిముట్లు మార్చి మార్చి గంటకు పైగా ప్రయత్నించారు. ఈలోగా కింద గాడర్డ్‌లో ఇంజనీర్లు నమూనా మీద మరో ఆలోచనను పరీక్షించారు. కమ్మీ పైకొసను పట్టి లాగితే కింద మిగిలిన ఒక్క స్క్రూ తెగుతుందా? తెగింది. దాదాపు 60 పౌండ్ల బలం, అంటే 27 కిలోల బరువంత, చాలునని తేల్చారు. ముక్కలు ఎగిరిపోకుండా అక్కడ టేపు చుట్టి, మాసిమినో కమ్మీని గట్టిగా గుంజాడు. అది ఊడి వచ్చింది. ఆ తర్వాత విద్యుత్ పనిముట్టు బ్యాటరీ మొరాయిస్తే వెళ్లి మరొకటి తెచ్చుకోవలసి వచ్చింది. 111 స్క్రూలు మాత్రం అనుకున్నట్లే వచ్చాయి. బోర్డు మారింది. 8 గంటలు దాటిన ఆ రోజు పనితో అయిదేళ్లుగా మూగబోయిన పరికరం మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది కమ్మీని గుంజిన క్షణం కాదు. దాని గురించి అందరూ రాశారు. పని ముగించేటప్పుడు పాత మూతను తిరిగి పెట్టలేదు. దాని బదులు గాడర్డ్ చేసి పంపిన కొత్త మూతను పెట్టారు. దానికి 111 స్క్రూలు లేవు, రెండు మీటలున్నాయి. తిప్పితే బిగుస్తుంది. అంటే మళ్లీ ఎవరైనా వస్తే ఎలా తీస్తారన్నది ఈసారి బిగించేటప్పుడే ఆలోచించారు. అప్పటి నుంచి అక్కడికి ఎవరూ వెళ్లలేదు.

5.7 మరొక రెండు స్క్రూలు

ఈ అనుభవం తర్వాత సమస్య తీరిపోయిందని అనుకోవద్దు. బెన్ను గ్రహశకలం నుంచి మట్టి, రాళ్లు తెచ్చిన ఒసైరిస్ రెక్స్ గుళిక 2023 సెప్టెంబరు 24న యూటా ఎడారిలో దిగింది. నమూనా పాత్రకు ఉన్న 35 బిగింపుల్లో రెండు రాలేదు. నమూనా చెడకుండా గాజు పెట్టె లోపలే పనిచేయాలి, అక్కడ అనుమతించిన పనిముట్లే వాడాలి. కొత్త పనిముట్లు తయారుచేసి వాటిని విప్పేసరికి 2024 జనవరి వచ్చింది. మూత తెరవకముందే దొరికింది 70.3 గ్రాములు. మొత్తం తూకం 121.6 గ్రాములు. మిగతా మట్టి అన్నాళ్లూ రెండు స్క్రూల వెనకే ఉండిపోయింది.

5.8 అభ్యాసం

మీ ఊళ్లో మోటారు సైకిళ్లు లేదా మొబైల్ ఫోన్లు బాగుచేసే ఒకరి దగ్గరికి వెళ్లండి. పని తీరిక చూసుకొని, ఇటీవల తీయడానికి బాగా కష్టపెట్టిన స్క్రూ ఏదో అడగండి. అది ఏ వస్తువులోది, ఎక్కడ తయారైంది, జిగురు ఉందా, తల ఎలా అరిగింది, చివరికి ఎలా తీశారు, ఎంత సమయం పట్టింది, ఆ సమయానికి డబ్బు ఎవరిచ్చారు అన్నవి రాసుకోండి. చివరి ప్రశ్నను మరచిపోకండి. చాలా దుకాణాల్లో తీసిన స్క్రూలను ఒక పాత డబ్బాలో వేసి ఉంచుతారు. వీలైతే ఆ డబ్బాలోంచి తల అరిగిన స్క్రూ ఒకటి అడిగి తీసుకొని, మరల్లో మిగిలిన జిగురు రంగు ఏమిటో వెలుతురులో చూసి, మీ వ్యాసంతో పాటు చిన్న సంచిలో పెట్టి అధ్యయన కేంద్రానికి తీసుకురండి.